‘సెట్’ శబ్దం: నానార్థాలు – తెలుగు సమానార్థకాల సమస్య

1. ఉపోద్ఘాతం:
1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు రెండవ కూర్పులో అతి దీర్ఘమైన ఆరోపం ‘సెట్’ అనే క్రియది. దాని వివరణకు దాదాపు 60,000 పదాలు పట్టాయి. ఇదే రూపం నామవాచకంగా సముదాయాన్ని కూడా తెలుపుతుంది. ఈ అర్థాలన్నిటినీ ఒకే పదానికి చెందినవిగా భావించడం వల్ల ద్విభాషా నిఘంటువుల్లో, అనువాదాల్లో అయోమయం కలుగుతుంది.

2. రెండు మూలాలు:
క్రియకు మూలం ప్రాచీనాంగ్లంలోని ‘సెట్టాన్’. ‘కూర్చుండు’ నుండి ‘కూర్చుండబెట్టు’ వలె ఇది ప్రేరణార్థక రూపం. ఉంచడం, నిలపడం దీని మూలార్థం. సినిమా సెట్టు, సిమెంటు సెట్ కావడం, సంబంధం సెట్ అవడం ఈ కోవకు చెందినవే. సముదాయార్థక నామానికి మూలం ప్రాచీన ఫ్రెంచి ద్వారా వచ్చిన లాటిన్ ‘సెక్టా’. అనుసరణ, అనుయాయుల వర్గం దాని అర్థాలు. మతశాఖను తెలిపే ‘సెక్ట్’ కూడా అక్కడిదే. కాలక్రమంలో ధ్వనిసామ్యం వల్ల క్రియార్థాల ప్రభావం ఈ నామంపై పడింది.

3. సమితి – సెట్టు:
గణితంలో ‘సెట్’కు ‘సమితి’ స్థిరపడింది. సమితిలో మూలకాల క్రమానికి, పునరావృతికి ప్రాధాన్యం లేదు. ఒక మూలకాన్ని తొలగిస్తే మరొక సమితి ఏర్పడుతుందే తప్ప లోపం కలగదు. ఏ మూలకమూ లేని శూన్య సమితి కూడా సమితే. టీ సెట్టు విషయం వేరు. ఒక కప్పు పగిలితే అది ‘సెట్టు తప్పిన’ వస్తువే. ఇక్కడి ప్రధానార్థం సముదాయం కాదు, పూర్తితనం. ‘జత’ రెండింటికే పరిమితం. ‘కట్ట’ కట్టినవాటికి, ‘గుత్తి’ ఒకచోట గుచ్చినట్లున్నవాటికి, ‘జట్టు’ ప్రధానంగా మనుషులకు వర్తిస్తాయి. అన్నీ ఉంటేనే పూర్తి అనే భావాన్ని ఇవేవీ సూటిగా చెప్పవు. అందుకే ‘సెట్టు’ ఉకారాంతమై, ‘సెట్లు’ అనే బహువచనంతో తెలుగు పదంగా కుదురుకుంది. మరోవైపు పంచాయతీ సమితి, ఐక్యరాజ్య సమితి వంటి ప్రయోగాలతో ‘సమితి’ కూడా నానార్థకమైంది.

4. ముగింపు:
అమరకోశంలోని నానార్థవర్గం ఒకే శబ్దరూపం కింద భిన్నార్థాలను చేర్చింది. కంఠస్థం చేసే పాఠకునికి ఆ పద్ధతి అనుకూలం. ఆధునిక ద్విభాషా నిఘంటువుకు అది చాలదు. ‘సెట్’ను వ్యుత్పత్తి ననుసరించి రెండు ఆరోపాలుగా విడదీసి, సముదాయార్థంలో గణిత ‘సమితి’ని, పూర్తితనాన్ని తెలిపే ‘సెట్టు’ను వేర్వేరుగా చూపాలి. అప్పుడే అనువాదకుడు టీ కప్పులకు ‘సమితి’ అని రాసే పొరపాటు తప్పుతుంది.