ఫ్రెంచ్ ఓపెన్ రాత్రి మ్యాచ్‌లు

ఫ్రెంచ్ ఓపెన్ టెన్నిస్ పోటీలలో రాత్రి మ్యాచ్‌లు 2021లో పారిస్ నగరంలోని రోలాండ్ గారోస్ ప్రాంగణంలో ప్రారంభమైనవి. మహిళల, పురుషుల టెన్నిస్‌కు టెలివిజన్‌లో లభించే ప్రాధాన్యతలో గల తేడాకు ఇవి ముఖ్య ఉదాహరణ. ఈ పోటీలలో 2007 నుండి అన్ని రౌండ్లలోనూ బహుమతి సొమ్ము సమానమే అయినప్పటికీ, రాత్రి ప్రసారంలో ఆ సమానత్వం కనిపించలేదు.

ఏర్పాటు

ఇక్కడ రాత్రికి ఒకే మ్యాచ్ నిర్వహించే పద్ధతి ఏర్పడినది. ఫ్రాన్సులో దీని ప్రసార హక్కులను అమెజాన్ ప్రైమ్ వీడియో పొందినది. ఆస్ట్రేలియన్ ఓపెన్, యు.ఎస్. ఓపెన్‌లలో ప్రధాన కోర్టుపై రాత్రి సాధారణంగా రెండు మ్యాచ్‌లు ఉండుటచే మహిళలకు ఒకటి, పురుషులకు ఒకటి కేటాయించే వీలున్నది.

మహిళల మ్యాచ్‌లు

2022లో అలీజ్ కోర్నే - ఎలెనా ఒస్టాపెంకో, 2023లో అరీనా సబలెంకా - స్లోన్ స్టీఫెన్స్ మ్యాచ్‌లు మాత్రమే రాత్రి జరిగినవి. 2024, 2025లలో ఒక్క మహిళల మ్యాచ్ కూడా రాత్రి వేళకు ఎంపిక కాలేదు.

కారణాలు, విమర్శలు

పురుషులు ఐదు సెట్ల మ్యాచ్, మహిళలు మూడు సెట్ల మ్యాచ్ ఆడతారు. ఒకే మ్యాచ్ ఉన్నపుడు అది త్వరగా ముగిస్తే టికెట్టు కొన్నవారికి నష్టమని నిర్వాహకుల వాదన. టోర్నమెంటు డైరెక్టరు, మాజీ ప్రపంచ నంబర్ వన్ క్రీడాకారిణి అమెలీ మోరెస్మో 2022లో పురుషుల ఆటకే ఆకర్షణ ఎక్కువని వ్యాఖ్యానించి, తరువాత క్షమాపణ చెప్పినది. పురుషుల ఆటను ఎక్కువగా చూపుట వల్లనే ప్రేక్షకులు దానిని ఎక్కువగా చూస్తున్నారని ట్యునీషియా క్రీడాకారిణి ఓన్స్ జాబర్ 2025లో విమర్శించినది. ఈ విమర్శ ప్రకారం, ప్రేక్షకాదరణ ప్రసారానికి కారణం మాత్రమే కాదు, ప్రసార ఫలితం కూడా.