మన చెత్త సముద్రానికి ఎట్ల పోతది?



సముద్రాన్ని శుభ్రం చేయాలి అంటే, "మన దిక్కు సముద్రమే లేదు, మనకేం సంబంధం?" అంటాం. నేను కూడా సముద్రం చూడలేదు. కానీ మన నీళ్లు సముద్రానికే పోతాయి.

సూర్యాపేట పక్క నుంచి పోయే మూసీ, మిర్యాలగూడ అవతల వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కోదాడ అవతలి పాలేరు కూడా కృష్ణలోనే కలుస్తుంది. కృష్ణ పులిచింతల, విజయవాడ దాటి హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మన మోరీలో పడ్డ కవరు వానకు వాగులోకి, వాగు నుంచి ఏట్లోకి కొట్టుకపోతది. కొన్ని ఆనకట్టల కాడ ఆగుతాయి, కొన్ని సముద్రం దాకా పోతాయి.

ప్లాస్టిక్ ఆకులాగా మురిగిపోదు. ఎండకు, అలలకు చిన్న చిన్న ముక్కలై నీళ్లల్లనే ఉంటది. కృష్ణ సముద్రంలో కలిసే తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. సముద్రపు తాబేళ్లు కవర్లను జెల్లీ చేపలనుకొని మింగుతాయి. అవి పేగుల్లో అడ్డం పడితే చచ్చిపోతాయి. మన ఊర్లల్ల కవర్లు తిన్న ఆవుల గతి కూడా ఇంతే.

2021 డిసెంబరులో ఎన్.సి.సి. విద్యార్థులు 'పునీత్ సాగర్ అభియాన్' పేరుతో బీచ్‌లలో ప్లాస్టిక్ ఏరడం మొదలుపెట్టారు. తరువాత ఆ కార్యక్రమాన్ని నదులకు, చెరువులకు కూడా పెంచారు. అంటే వాగు శుభ్రం చేసినా సముద్రాన్ని శుభ్రం చేసినట్టే.

మనం చేయగలిగినవి:

1. ప్రతి శనివారం సాయంత్రం అరగంట, హాస్టల్ చుట్టూ, మోరీ ఒడ్డున కవర్లు, షాంపూ ప్యాకెట్లు ఏరుదాం. కాలువలోకి మాత్రం ఎవ్వరూ దిగొద్దు.

2. గాజు పెంకులు, సూదులు చేత్తో ముట్టొద్దు. పెద్దవాళ్లకు చెప్పాలి.

3. ప్లాస్టిక్ కాలబెట్టొద్దు, ఆ పొగ మంచిది కాదు. సంచిలో కట్టి పంచాయతీ ట్రాక్టర్‌కు ఇయ్యాలి.

4. ఇది రాయాలంటే సిగ్గయితుంది, అయినా రాస్తున్న. నెలసరి ప్యాడ్లలో కూడా ప్లాస్టిక్ ఉంటది. బాత్రూంలలో డబ్బా లేకనే చాలామంది కిటికీలోంచి మోరీలోకి వేస్తున్నరు. మేడం గారూ, ఒక్కో బాత్రూంలో మూత ఉన్న డబ్బా పెట్టించండి. రోజూ ఎవరు ఖాళీ చేయాలో మేమే వంతులు వేసుకుంటాం.

సముద్రంలో కలిసినాక ఏరడం ఎవరి తరం కాదు. మోరీ కాడ ఏరడం మన తరమే. వానలు పడకముందే మొదలుపెడదాం.

– 9వ తరగతి విద్యార్థిని