రెండో గుంత ఎక్కడ?

నాగార్జునసాగర్ నీళ్లను నల్లగొండ జిల్లాలోని పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి రిజర్వాయర్‌లో నింపి, కోదండాపూర్‌లో శుద్ధిచేసి హైదరాబాద్‌కు పంపుతారు. 2004లో మొదలైన ఈ కృష్ణా పథకానికి తర్వాత మరో రెండు దశలు తోడయ్యాయి. నగరంలో పాత ఫ్లష్ ట్యాంకు ఒక్కసారి నొక్కితే పది లీటర్ల దాకా ఆ నీళ్లే మురుగులోకి పోతాయి. నగరం మురుగు మూసీలో పడుతుంది. మూసీ వలిగొండ, సోలిపేటల మీదుగా పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నల్లగొండ నుంచి మంచినీళ్లుగా పోయినవి నల్లగొండకే నురగలు కక్కుతూ తిరిగొస్తున్నాయి. ఆ నీళ్లతోనే మూసీ ఒడ్డు రైతులు వరి పండిస్తున్నారు.

పల్లెలో మరుగుదొడ్డి ఎలా ఉండాలో తేల్చుకునే ముందు ఈ దారిని ఒకసారి చూడాలి. నీళ్లతో కొట్టుకుపోయేలా చేసి కంటికి కనబడకుండా పంపేయడమే శుభ్రత అనుకుంటే, అది చివరికి ఇంకొకరి పొలంలో తేలుతుంది.

నల్లగొండ, పాలమూరు మెట్టలకు అంత నీటి ఖర్చు మోసే శక్తి లేదు. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన, పైన చెలక నేల, దానికింద మొరం, ఆ కింద నల్లరాయి. బోరు వేస్తే నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు. పడ్డా నల్లగొండలో వాటి వెంట ఫ్లోరైడ్ వచ్చేది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నీరీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు పెట్టారంటే ఈ జిల్లా ఎంత నలిగిందో తెలుస్తుంది. 2015 జూన్ 8న మంచినీటి పథకం మిషన్ భగీరథ పైలాన్ వెలిసింది కూడా అప్పట్లో ఈ జిల్లాలో ఉన్న చౌటుప్పల్‌లోనే. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలన్నది ఆ పథకం లక్ష్యం. నల్లా రాని రోజున మాత్రం బిందె మళ్లీ ఆడవాళ్ల నెత్తి మీదికే వస్తుంది. ప్రభుత్వ సొమ్ముతో కట్టిన మరుగుదొడ్లు కొన్నిచోట్ల కట్టెలు, పిడకలు దాచుకునే కొట్లయ్యాయంటే జనాన్ని తప్పుపట్టడం అన్యాయం. మోసుకొచ్చిన బిందెలో సగానికి పైగా ఒక్కసారికే పోయాలంటే ఏ తల్లికి మనసొప్పుతుంది?

అందుకే నేను రెండు గుంతల మరుగుదొడ్డి పక్షం. బిందేశ్వర్ పాఠక్ 1970లో మొదలుపెట్టిన సులభ్ సంస్థ దేశమంతా తిప్పిన నమూనా ఇది. బేసిన్ అడుగు బాగా ఏటవాలుగా ఉంటుంది. కింద వంపులో రెండు సెంటీమీటర్ల మందాన నీరు నిలిచి వాసనను ఆపుతుంది. ఒకటిన్నర, రెండు లీటర్లు చెంబుతో పోస్తే చాలు. అక్కడి నుంచి గొట్టం ఒక చిన్న ఛాంబర్‌లోకి పోతుంది. ఛాంబర్‌కు రెండు దారులు, ఒక్కో దారికి ఒక్కో గుంత. ఒక దారి మూసే ఉంటుంది. గుంత గోడను ఇటుకకూ ఇటుకకూ మధ్య సందులు వదిలి కడతారు, అడుగున సిమెంటు వేయరు. నీళ్లు, వాయువులు మట్టిలోకి ఇంకిపోతాయి. ఐదుగురున్న ఇంటికి మూడడుగుల పైచిలుకు వెడల్పు, నాలుగడుగుల లోతు ఉంటే దాదాపు మూడేళ్లు వస్తుంది. నిండాక ఛాంబర్ మూత తీసి, ఆ దారి మూసి, రెండోది తెరుస్తారు. నిండిన గుంతను ఏడాదిన్నర, రెండేళ్లు ముట్టుకోకుండా వదిలేయాలి. నులిపురుగుల గుడ్లు చావాలంటే అంత సమయం పడుతుంది.

“గుంత నిండితే ఎవలు తీస్తరు?” అన్న ప్రశ్న ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. దీనికి జవాబు మన తెలంగాణలోనే దొరికింది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో కేంద్ర పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి ఎరువు ఎత్తిపోశారు. పలు రాష్ట్రాల అధికారులు కూడా ఆయనతో చేయి కలిపారు. రెండేళ్లు మగ్గినది పొడి పొడిగా, మట్టి రంగులో ఉంటుంది, వాసన రాదు. శతాబ్దాలుగా ఈ పనిని కొన్ని కులాల నెత్తిన రుద్ది, వాళ్లను అంటరానివాళ్లను చేసిన దేశంలో ఒక ఉన్నతాధికారి పార పట్టడం నాకు చాలా పెద్ద సంగతిగా తోస్తుంది.

ఇంత జరిగినా ఊళ్లో చూస్తే చాలా ఇళ్ల వెనక ఒకటే గుంత. సిమెంటు రింగులు ఒకదాని మీద ఒకటి దించుతూ, ఎంత లోతైతే అంత మంచిదని తవ్విస్తారు. ఉన్నవాళ్లయితే పెద్ద సెప్టిక్ ట్యాంకే కట్టిస్తారు. పచ్చిగా నిండిన గుంతను ఖాళీ చేయడానికి ట్యాంకర్ రావాలి. అది ఎక్కడ పారబోసి వెళ్తుందో అడిగేవాళ్లుండరు. ట్యాంకర్ రాని చోట మనిషిని దింపుతారు. రక్షణ లేకుండా దింపడాన్ని 2013 చట్టం నిషేధించినా ఆ చావులు ఆగలేదు. ‘రెండో గుంతకు డబ్బు దండగ’ అనుకున్న ఇంటివాళ్ల ఆదాకు ఎవరో ఒకరు ప్రాణంతో వెల కడుతున్నారు.

నీళ్లు అసలే లేని చోట్ల ఇంకా సులువైన దారి ఉంది. జింబాబ్వేలో పీటర్ మోర్గాన్ ‘ఆర్బర్‌లూ’ అనే పద్ధతి తెచ్చారు. మీటరు లోతు గుంత మీద కదిలించగలిగే పలక, చిన్న గది పెడతారు. వాడినప్పుడల్లా మట్టి, బూడిద, ఆకులు వేస్తారు. నిండాక గదిని పక్కకు జరిపి, గుంతను మట్టితో కప్పి పండ్ల మొక్క నాటుతారు. అక్కడ మామిడో బొప్పాయో కాస్తుంది. కడుక్కోవడానికి నీళ్లు వాడే మనకు దాన్ని ఉన్నదున్నట్టు దించుకోవడం కుదరదు. మలాన్ని నేలకే తిరిగి ఇవ్వాలన్న ఆలోచన మాత్రం పెంటకుప్పను సొమ్ముగా చూసే మన రైతుకు పరాయిదేం కాదు.

రెండు గుంతలకూ చిక్కులున్నాయి. చెలకలో నీళ్లు బాగానే ఇంకుతాయి, నల్లరేగడిలో నెమ్మదిస్తాయి. నాలుగడుగులకే రాయి తగిలే ఊళ్లలో లోతుకు పోకుండా వెడల్పు పెంచాలి, గుంత నోటిని నేలకంటే ఎత్తుగా కట్టాలి. రాతి పగుళ్లలో మురికి చాలా దూరం పోతుంది కనుక చేదబావి, బోరు పక్కన తవ్వడం మహా తప్పు. ఈ సంగతులన్నీ తెలియాల్సింది మేస్త్రీకి. శిక్షణ మొదట అందాల్సింది కూడా అతనికే.

2020లో మొదలైన స్వచ్ఛభారత్ రెండో దశ ఒకే గుంత ఉన్న దొడ్లకు రెండోది జోడించమంది. పాత గుంత పక్కన మీటరు ఎడం వదిలి ఇంకోటి తవ్వి, మధ్యలో ఛాంబర్ కడితే పని అయిపోతుంది. పంచాయతీలు ఆ ఇళ్ల జాబితా రాసి, ఎండాకాలంలో నేల పొడిగా ఉన్నప్పుడే తవ్వకం మొదలుపెట్టాలి.