గొట్టం మారితే తుపాకీ మారిపోతుంది

కె.కోటపాడు చుట్టుపక్కల చెరుకు పండించే రైతుకు అడవిపంది సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. మందలు ఒక్క రాత్రి తోటలో పడ్డాయంటే ఏడాది కష్టం నేలపాలే. అలాంటి రైతు తుపాకీకి దరఖాస్తు పెట్టుకుంటే ఏది ఇవ్వవచ్చో 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో ఉంది. నిజంగా పంట కాపాడుకోవడానికైతే మూతి నుంచి మందు కూరే తుపాకీ. రక్షణకో క్రీడకో అయితే లోపల నున్నగా ఉండి, పొడవు 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న తుపాకీ. లైసెన్సు పుస్తకంలో వీటినే ఎస్‌బీఎంఎల్, ఎస్‌బీబీఎల్ అని పొడి అక్షరాల్లో రాస్తారు. మొదటిది సింగిల్ బ్యారెల్ మజిల్ లోడర్, రెండోది సింగిల్ బ్యారెల్ బ్రీచ్ లోడర్.

మజిల్ లోడర్‌తో పని నిదానం. గొట్టంలో నల్లమందు పోయాలి, పైన పీచు కూరాలి, గుళ్లు వేయాలి, కడ్డీతో దట్టించాలి, వెనక క్యాప్ అమర్చాలి. ఇంతా చేస్తే ఒక్క దెబ్బ. అది తప్పితే మళ్లీ మొదటికి రావాలి, ఈలోగా పంది పొలిమేర దాటేస్తుంది. అందుకే ఆ తుపాకీ పట్టినవాడు గురి కుదిరేదాకా ట్రిగ్గర్ జోలికి పోడు. ఒక్క తూటా తుపాకీకి ఉన్న లోపం ఇదే, బలమూ ఇదే. ఈ బలాన్నే నమ్ముకుని ఒక అమెరికన్ పనిమంతుడు తయారు చేసిన వేట పిస్తోలు కథ ఇది.

ఆయన పేరు వారెన్ సెంటర్. 1960ల్లో ఇంటి నేలమాళిగలోని చిన్న వర్క్‌షాపులో, మధ్యలో విరిచి తెరిచే ఒంటి తూటా పిస్తోలు ఒకటి రూపొందించాడు. 1965లో కె.డబ్ల్యు. థాంప్సన్ టూల్ కంపెనీలో చేరాడు. ఇద్దరి పేర్లూ కలిపి థాంప్సన్/సెంటర్ అనే పేరుతో, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని రోచెస్టర్ ఊరి నుంచి 1967లో ఆ పిస్తోలు బజారుకెక్కింది. దానికి కంటెండర్ అని పేరు పెట్టారు. అప్పటికే వేట రివాల్వర్లు చాలా ఉన్నాయి. 1963లో రెమింగ్టన్ కంపెనీ ఎక్స్‌పీ-100 అనే ఒంటి తూటా పిస్తోలు కూడా తెచ్చింది. రివాల్వర్ కంటే ఎక్కువ ధర పెట్టి, ఆరు తూటాల బదులు ఒక్కటే పట్టే దీన్ని జనం ఎందుకు కొన్నారో తెలియాలంటే దాన్ని విప్పి చూడాలి.

ట్రిగ్గర్ గార్డు కింద చిన్న కొక్కెంలా సాగిన భాగాన్ని వెనక్కి నొక్కితే గొట్టం ముందుకు వాలుతుంది. తూటా పెట్టి మూసేయడమే. గొట్టం మార్చాలంటే ముందున్న చెక్క పిడిని విప్పాలి. ఫ్రేము ముందుభాగంలో అడ్డంగా ఒక లావుపాటి సీల కనిపిస్తుంది. దాన్ని పక్కకు తోస్తే గొట్టం చేతిలోకి వచ్చేస్తుంది. ఇంకో గొట్టం పెట్టి సీల దూర్చి చెక్క బిగిస్తే వేరే తుపాకీ తయారు. తూటా కూర్చునే అర, ఖాళీ తొడుగును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్, గురి చూసే సైట్లు లేదా స్కోపు, అన్నీ గొట్టానికే ఉంటాయి. ఒకసారి గురి సరిచేసిన గొట్టాన్ని తీసి దాచి, ఆరు నెలల తర్వాత మళ్లీ ఎక్కించినా గురి తప్పదు. వారెన్ సెంటర్ చేసిన పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. ఫ్రేములో మిగిలేది ట్రిగ్గరు, హ్యామరు, రెండు ఫైరింగ్ పిన్నులు. చిన్న .22 తూటాకు మందు అంచున అంటుకోవాలి, పెద్దవాటికి నడిమధ్యన. అందుకే రెండు పిన్నులు. ఏది పనిచేయాలో హ్యామర్ దగ్గర తిప్పి ఎంచుకోవచ్చు.

రివాల్వర్లో తిరిగే సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సన్నని సందు తప్పదు. కొంత వాయువు అక్కడే జారిపోతుంది. ఆటోమేటిక్ పిస్తోలులో తూటా పొడవు పిడికిట్లో పట్టే మ్యాగజైనుకు లోబడి ఉండాలి. కంటెండర్‌కు ఈ రెండు బాధలూ లేవు. రైఫిల్ తూటానే పిస్తోలులో పెట్టి కాల్చవచ్చు.

అయితే ఏ రైఫిల్ తూటా పడితే అది కాదు. పేలినప్పుడు వాయువు తూటాను ముందుకు తోసినంత బలంగా తొడుగును వెనక్కీ తోస్తుంది. ఆ తోపు ఒత్తిడి మీద మాత్రమే కాక, తొడుగు అడుగు ఎంత వెడల్పన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. .223 రెమింగ్టన్‌కు అనుమతించిన ఒత్తిడి చదరపు అంగుళానికి 55,000 పౌండ్లు. .30-30కి 42,000. మొదటిది ఎక్కువే అయినా దాని అడుగు సన్నం కాబట్టి కంటెండర్ భరిస్తుంది. .308 సంగతి వేరు. ఒత్తిడి 62,000, అడుగు వైశాల్యం .223 కంటే ఒకటిన్నర రెట్లు. ఆ తోపు ఈ సీలకూ ఫ్రేముకూ మోయలేని బరువు. అందుకోసమే 1990ల చివర్లో ఎన్‌కోర్ అనే బలమైన అన్నను తయారు చేశారు.

కంటెండర్‌కు పేరు తెచ్చింది వేట ఒక్కటే కాదు. లోహపు బొమ్మలను పడగొట్టే పోటీ మెక్సికో నుంచి అమెరికాకు వచ్చింది. చేతి తుపాకులతో ఆడే ఈ పోటీకి 1976లో అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. 50 మీటర్ల దూరాన కోడి, 100లో పంది, 150లో టర్కీ కోడి, 200లో పొట్టేలు. బొమ్మకు తూటా తగిలితే చాలదు, బొమ్మ కింద పడాలి. బరువైన ఉక్కు పొట్టేలు పడాలంటే అంత దూరంలోనూ తూటాలో ఊపు మిగలాలి. దీనికోసం వెస్ ఉగాల్డే .223 తొడుగు మెడ వెడల్పు చేసి 7 ఎం.ఎం. టీసీయూ అనే తూటా రూపొందించాడు. 14 అంగుళాల సూపర్ గొట్టంతో కంటెండర్ ఆ మైదానాల్లో ఏళ్ల తరబడి రాజ్యమేలింది.

ఎంచుకోవడం దగ్గరికి వద్దాం. అమెరికాలో పిస్తోలుతో వేట చట్టబద్ధమైన రాష్ట్రాల్లో ఉంటున్న తెలుగువారు ఎవరైనా అడిగితే నేను మొదట .22 గొట్టమే కొనమంటాను. ట్రిగ్గర్ అదే, పిడి అదే, బరువూ దాదాపు అంతే. ఖర్చు లేకుండా చేయి కుదురుతుంది. ఆ తర్వాతే జింక కోసం .30-30 లేదా 7-30 వాటర్స్, దగ్గరి దూరాలకు .44 మాగ్నమ్. .45-70 గొట్టం కూడా దొరుకుతుంది కానీ తేలికపాటి పిస్తోలులో దాని ఎదురుతన్ను మణికట్టుకు నరకం. ఆ భయంతో కళ్లు మూసుకుని కాల్చేవాడి తూటా జంతువును గాయపరిచి వదిలేస్తుంది, చంపదు. అంతకంటే పాపం వేటలో లేదు. గొట్టం పొట్టి కావడంతో రైఫిల్లో ఉన్నంత వేగం కూడా రాదు, కాబట్టి దూరాన్ని తగ్గించుకోవాలి. .45 కోల్ట్ తూటా, .410 గుళ్ల తూటా రెండూ పేల్చే గొట్టం ఒకటుంది. లోపలి మరలు గుళ్లను తిప్పేసి చుట్టూ చెదరగొడతాయి. అందుకే మూతి దగ్గర నిలువు గాట్లున్న చోక్ బిగించి ఆ తిరుగుడును ఆపుతారు. ఒంటి తూటా కాల్చేముందు దాన్ని తీసేయడం మరవకూడదు.

గొట్టాలు ఇంత సులువుగా మారడం చివరికి అమెరికా సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. కంపెనీ పిస్తోలుతోపాటు 21 అంగుళాల గొట్టం, భుజానికి ఆనించే మడమ కలిపి ఒక కిట్‌గా అమ్మింది. 10 అంగుళాల పిస్తోలు గొట్టానికి ఆ మడమ తగిలిస్తే పొట్టి రైఫిల్ అవుతుంది. 16 అంగుళాల లోపు గొట్టమున్న రైఫిల్‌కు అక్కడ అప్పట్లో 200 డాలర్ల పన్ను ఉండేది. అలా బిగించకపోయినా, బిగించే వీలుంటే చాలు పన్ను కట్టాలని ప్రభుత్వం పట్టుబట్టింది. కంపెనీ ఒక తుపాకీకి ఆ 200 డాలర్లు కట్టి, తిరిగిమ్మని కోర్టుకెక్కింది. 1992లో తీర్పు కంపెనీ వైపు వచ్చింది. చట్టం మాట రెండు రకాలుగా వినిపిస్తే పౌరుడికి మేలయ్యే అర్థమే తీసుకోవాలన్న సూత్రం అక్కడ పనిచేసింది. ఆ తీర్పు సరైనదే. చేయగలిగినదానికి కాక చేసినదానికే లెక్క అడగాలి.

మన దేశంలో ఆ ప్రశ్నే పుట్టదు. 1959 చట్టం ఆయుధానికిచ్చిన నిర్వచనంలోనే దాని భాగాలూ చేరిపోయాయి. కె.కోటపాడులో ఎవరి దగ్గరైనా ఇలాంటి విడి గొట్టం ఒక్కటి ఉన్నా చట్టం దృష్టిలో అది తుపాకీయే. అమెరికాలో మామూలుగా ఫ్రేమునే తుపాకీగా లెక్కిస్తారు, అందుకే గొట్టాలు అక్కడ విడి సామానులా అమ్ముడవుతాయి. ఇక వేటంటారా, 1972 వన్యప్రాణి చట్టం దాన్ని మూసేసింది. నిలబడి ఉన్న పంటకు అడవిపంది ప్రమాదమైనా, అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా దాన్ని చంపకూడదు. పంట రక్షణ లైసెన్సు చేతిలో ఉందని పందిని కాల్చే హక్కు రాదు.

2007లో స్మిత్ అండ్ వెసన్ థాంప్సన్/సెంటర్‌ను కొన్నది. 2021లో అమ్మేస్తామని ప్రకటించి తయారీ ఆపింది. 2024లో, ఒకప్పుడు ఆ కంపెనీని నడిపిన గ్రెగ్ రిట్జ్ మళ్లీ కొనుక్కున్నాడు. ఈ చేతులు మారడాలకు ముందే కంటెండర్‌కు జీ2 అనే కొత్త రూపు వచ్చింది. పాతదానిలో హ్యామర్‌ను కాల్చకుండా దించితే, గొట్టం ఓసారి తెరిచి మూస్తేగానీ మళ్లీ ఎక్కదు. జీ2లో ఆ ఇబ్బంది తీసేశారు. పాత కంటెండర్ గొట్టాలు జీ2 ఫ్రేముకు సరిపోతాయి, ఎన్‌కోర్ గొట్టాలు సరిపోవు. చేతిపిడులు మాత్రం పాతదానివి జీ2కు పట్టవు. సెకండ్‌హ్యాండులో కొనేవారు గొట్టం, పిడి ఏ ఫ్రేముకు చెందినవో చూసుకున్నాకే డబ్బు తీయాలి.