గ్లాసులో మాయాబజార్!

నచ్చిన పాటను వింటాం. నోటితో కూనిరాగం తీస్తాం. మరి... తాగితే? అమెరికాలో ఆండ్రే, టెనాయా డార్లింగ్టన్ అనే తోబుట్టువులు ఆ ముచ్చటా తీర్చుకున్నారు. ఏ ఆల్బమ్‌కి ఏ కాక్‌టెయిల్ జోడీ కుదురుతుందో చెబుతూ 2018లో 'బూజ్ అండ్ వినైల్' అనే పుస్తకమే తెచ్చారు. మద్యం సంగతి వాళ్లకొదిలేసి ఆలోచన మాత్రం అరువు తెచ్చుకుందాం. ఇంటిల్లిపాదీ తాగేలా, మన ఏలూరు-కొల్లేటి సీమ రుచులతో ఓ షర్బత్ కలుపుదాం.

ఏ పాటలకంటారా? ఇంకేమున్నాయి, 'మాయాబజార్'(1957) పాటలకే! అసలు ఆ సంగీతమే ఓ చక్కటి కలయిక. సాలూరి రాజేశ్వరరావు నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకొంటే, మిగతా పనంతా ఘంటసాల పూర్తిచేశారు. ఎక్కడా అతుకు కనిపించదు. అందులో వెన్నెల్లో సాగే పడవపాటది మోహన రాగం. స, రి, గ, ప, ద... ఐదే స్వరాలు. అందుకే మన గ్లాసులోనూ ఐదే సరుకులు. ఆరోది వేశారో, రాగం చెడినట్టే!

ఆధార షడ్జంలా ఒక గ్లాసు కొబ్బరినీళ్లు. తీపికి తాటిబెల్లం. కొల్లేటి దోనెలకు తాటిమానే ప్రాణం మరి! బెల్లాన్ని కాసిని నీళ్లలో కరిగించి, వడకట్టి, చిక్కగా కాచి చల్లార్చిన పాకం రెండు చెంచాలు చాలు. పులుపుకి ఏలూరు మార్కెట్ నిమ్మకాయ అరచెక్క. ఘటోత్కచుడికి పాడిన మాధవపెద్ది సత్యం గొంతులోని ఘాటు కోసం అరచెంచా అల్లంరసం. చివరగా చిటికెడు ఉప్పు.

ముందు పాకాన్ని గ్లాసు అడుగున పోయాలి. మిగతా నాలుగూ వేరే గిన్నెలో కలిపి, చెంచా వెనకవైపు నుంచి నెమ్మదిగా జారవిడవాలి. పాకం బరువెక్కువ కాబట్టి అడుగునే ఉండిపోతుంది. పైన పలుచటి నిమ్మచక్రం తేలిస్తే... మార్కస్ బార్ట్‌లే కెమెరాలో వెలిగిన చందమామే! కాసేపు చూసి మురిసిపోయి, అప్పుడు కలుపుకుని తాగాలి.

ఉప్పు దగ్గర మాత్రం చెయ్యి జాగ్రత్త! కొల్లేరు మంచినీటి సరస్సు. దాన్ని సముద్రంతో కలిపేది ఉప్పుటేరు. ఏర్ల నుంచి వచ్చే నీరు తగ్గితే, ఆ దారినే సముద్రపు పోటు ఎదురెక్కి సరస్సు ఉప్పగా మారుతుంది. చేపలకీ చేలకీ చేటే. మోతాదు మించితే సరస్సుకైనా, షర్బత్‌కైనా రుచి పోయినట్టే.

ఇక పడవపాట పెట్టి, గ్లాసు అందుకోండి. గుటకేయకండి, పాటంత తీరిగ్గా చప్పరించండి!