మంటను ఆపిన జాలీ, మంట లేకుండా కాల్చే కొలిమి

జడ్చర్లలో ఎంత లోతుకు బోరు దింపినా గ్రానైటే తగులుతుంది. బొగ్గు కావాలంటే గోదావరి లోయకు పోవాలి. ఇల్లందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గు పొరలను గుర్తించాడు, 1889లో తవ్వకం మొదలైంది. అదే ఇవాళ్టి సింగరేణి. బొగ్గు సందుల్లో మీథేన్ కూడా ఇరుక్కుని ఉంటుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం దాకా కలిసిందా, నిప్పురవ్వ చాలు.

ఇంగ్లండ్‌లోని ఫెల్లింగ్ గనిలో 1812లో జరిగిన పేలుడు 92 మందిని మింగింది. మూడేళ్లకు హంఫ్రీ డేవీ ఓ దీపం తయారుచేశాడు. వత్తి చుట్టూ సన్నని తీగల జాలీ, అంతే. గ్యాస్ లోపలికి దూరుతుంది, లోపల అంటుకుంటుంది కూడా. కానీ తీగలు వేడిని లాగేసుకోవడంతో మంట జాలీ దాటి బయటికి రాలేదు. (అదే ఏడాది జార్జ్ స్టీఫెన్‌సన్ కూడా సొంతంగా ఓ దీపం చేశాడు. ఘనత ఎవరిదన్న తగువు చాలాకాలం నడిచింది.)

నిజానికి ఆ దీపం వెలుతురు అంతంతమాత్రమే. కరెంటు క్యాప్ ల్యాంపులు వచ్చాక ఆ పనీ పోయింది. అయినా గనిలో తనిఖీ చేసే సర్దార్లు, ఓవర్‌మన్లు దాన్ని వదల్లేదు. మీథేన్ ఉంటే మంట నెత్తిన లేతనీలి జ్వాల లేస్తుంది, దాని ఎత్తును బట్టి శాతం చెప్పొచ్చు.

గ్యాస్ జాడ తెలిశాక చేసేది, పెద్ద ఫ్యాన్లతో గాలి తోలి పలచన చేసి బయటికి పంపడం. గనిలో మనిషికి భద్రత దొరికింది, గ్యాస్ వాతావరణంలో చేరింది. వందేళ్ల లెక్కన కిలోకు కిలో చూస్తే, మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. పోనీ కాల్చేద్దామంటే, అంత పలచని గాలి అంటుకోదు.

అందుకే డేవీ సూత్రాన్ని తిరగేశారు. జాలీ వేడిని లాగేసి మంటను ఆపింది. కొత్త యంత్రంలోని పింగాణీ దిమ్మెలు వేడిని దాచిపెట్టి, సుమారు 1000 డిగ్రీల దగ్గర, మంట లేకుండానే మీథేన్‌ను కాలుస్తాయి. వేడి జారిపోకుండా గాలిని కాసేపు ఇటునుంచి, కాసేపు అటునుంచి తోలుతారు. ఆస్ట్రేలియాలోని వెస్ట్ క్లిఫ్ గనిలో 2007లో ఆ వేడితో కరెంటు కూడా తీశారు.

సింగరేణికి ఇది సరిపడదనే నా అభిప్రాయం. అక్కడి భూగర్భ గనులు ఎక్కువగా మొదటి డిగ్రీవి, గాలిలో మీథేన్ 0.1 శాతం మించదు. యంత్రం తన వేడితో తానే నడవాలంటే కనీసం 0.2 శాతం ఉండాలి. ఓపెన్‌కాస్టుల్లోనైతే గ్యాస్‌ను ఒకచోటికి చేర్చే ఫ్యానే ఉండదు. జార్ఖండ్‌లోని ఝరియా లాంటి గ్యాస్ గనుల సంగతి వేరు. అక్కడి మూనిడి గనిలో ముందే బోర్లు వేసి, మీథేన్‌ను తోడి కరెంటు తీసి చూపించారు.