తెరమీద భీముడు

సాయంత్రం బడి వదలగానే పెనుగొండలో చాలా ఇళ్ళలో టీ.వీ. మోగుతుంది. అందులో ఛోటా భీమ్ ఒక లడ్డు నోట్లో వేసుకుంటాడు. వెంటనే వాడి కండలు ఉబ్బుతాయి, ఎవడో దుష్టుడు గాలిలోకి ఎగిరిపోతాడు. వాడి ఊరు ఢోలక్‌పూర్ ఏ పటంలోనూ కనిపించదు గాని, వాడు నిజంగా పుట్టిన ఊరు మనకు తెలిసినదే: హైదరాబాదు. రాజీవ్ చిలక అనే ఆయన 2001లో అక్కడ గ్రీన్ గోల్డ్ అనే బొమ్మల కంపెనీ పెట్టాడు. 2008లో ఛోటా భీమ్ మొదటిసారి టీ.వీ.లోకి వచ్చాడు. 2019లో ఇంకా మాటలైనా రాని పసి భీముడు కూడా తయారై, దేశదేశాల పిల్లలను నవ్వించాడు. మాటలే లేవు గనక ఏ భాష పిల్లలైనా వాణ్ణి చూసి నవ్వవచ్చు.

ఇదంతా కొత్త వింత అని మీరు అనుకుంటున్నారేమో! మీ తాతలూ ముత్తాతలూ కూడా భీముణ్ణి తెరమీద చూసినవాళ్ళే. వాళ్ళు చూసినది మేకతోలు భీముణ్ణి.

కోతలైపోయి ధాన్యం ఇల్లు చేరిన తరవాత గోదావరి జిల్లాల పల్లెల్లోకి తోలుబొమ్మలవాళ్ళు వచ్చేవారు. ఊరి మధ్య గుంజలు పాతి, తెల్లని గుడ్డ బిగించి కట్టి, దాని వెనక ఆముదపు దీపాలు వెలిగించేవారు. బొమ్మలను మేకతోలుతో చేసేవారు. ఆ తోలును వెలుతురు అవతలికి కనిపించేటంత పలచగా సాపు చేసి, రంగులు వేసి, నగలున్న చోటల్లా సన్నసన్న చిల్లులు పొడిచేవారు. దీపం వెనకనుంచి పడితే ఆ చిల్లులు రవ్వల్లాగా మెరిసేవి. కొన్ని బొమ్మలు మనిషెత్తు ఉండేవి. భుజాల దగ్గరా మోచేతుల దగ్గరా అతుకులు ఉండటంవల్ల చేతులు ఆడేవి. బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే రూపు స్పష్టంగా కనిపిస్తుంది; దీపంవైపు కాస్త వెనక్కు లాగితే నీడ పెరిగి, అంచులు చెదిరి, భయంకరంగా తయారవుతుంది. రాక్షసుడు పెద్దవాడైపోవాలంటే అంతకన్న ఉపాయమేం కావాలి?

బొమ్మను ఆడించే మనిషే పద్యం పాడాలి, మాట్లాడాలి. కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, అడుగున పరిచిన బల్లచెక్కల మీద అడుగువేయాలి. భీముడు కీచకుణ్ణి గుద్దిన క్షణానికి సరిగ్గా ఆ చెక్క ధణేలుమనాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే గుద్దు గుద్దుగా ఉండదు. ఈనాడు కార్టూన్లు తీసేవాళ్ళు గదులలో కూర్చుని రోజులకు రోజులు కుస్తీ పట్టేది కూడా ఈ ఒక్క విషయం మీదనే.

కథ మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చేవారు. వీళ్ళు భారతంలోనూ లేరు, రామాయణంలోనూ లేరు. తిట్టుకుంటారు, తన్నుకుంటారు, ఎవరినీ లెక్కచేయరు. పెద్దవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే మాటలు కూడా అనేస్తారు. పిల్లలు తెల్లవార్లూ నిద్ర ఆపుకుని కూర్చునేది ధర్మరాజు కోసం అయివుంటుందంటే నేను నమ్మను!

తోలుబొమ్మల ఉపాయమే సినిమాలో ఎలా పనిచేసిందో వినండి. జర్మనీలో లోటె రైనిగర్ అనే అమ్మాయి ఉండేది. చిన్నప్పటినుంచీ ఆమెకు కత్తెర పిచ్చి. నల్ల అట్టలతో నీడబొమ్మలు కత్తిరించి, కీళ్ళ దగ్గర సన్నని తీగతో ముడివేసేది. 1923లో ఆమె ఒక గాజుబల్ల మీద ఆ బొమ్మలను పరిచి, కింద దీపం పెట్టి, పైన కెమేరా బిగించింది. బొమ్మ చేతిని వెంట్రుకవాసి కదపటం, ఒక ఫోటో తీయటం. మళ్ళీ వెంట్రుకవాసి కదపటం, మళ్ళీ ఫోటో. మూడేళ్ళు ఇదే పని! ఆ విధంగా 1926లో “ప్రిన్స్ అహ్మద్ సాహసాలు” అనే సినిమా బయటికి వచ్చింది. ఈనాటికి మిగిలివున్న పూర్తి నిడివి బొమ్మల సినిమాలలో అదే అన్నిటికన్నా పాతది. డిస్నీవారి “స్నో వైట్” వచ్చినది దాని తరవాత 11 ఏళ్ళకు.

ఫోటోలు ఎందుకు కదిలినట్టు కనిపిస్తాయి? కొద్దికొద్దిగా తేడా ఉన్న బొమ్మలు గబగబా కంటిముందునుంచి పోతే, మన కన్నూ మెదడూ కలిసి వాటిని వేరువేరుగా పట్టుకోలేక, ఒకే కదలికగా అల్లుకుంటాయి. సినిమాలో సెకండుకు 24 బొమ్మలు పోతాయి. గీసే కార్టూన్లలో తరచు ఒక్కొక్క బొమ్మను రెండేసిసార్లు ఫోటో తీస్తారు. అంటే సెకండుకు 12 గీస్తే చాలు. ఆ లెక్కన ఒక్క నిమిషపు ఆటకు 720 బొమ్మలు! కార్టూన్ మనుషులలో చాలామందికి చేతికి నాలుగే వేళ్ళు ఉండటం గమనించారా? ప్రతి చేతిలో ఒక వేలు మిగిల్చుకుంటే వేలకొద్దీ గీతలు మిగులుతాయి.

ఇంత చాకిరీ చేసేవాళ్ళు మామూలు మనుషులై ఉంటారా? అమెరికాలో విన్సర్ మెకే అనే ఆయన 1914లో గెర్టీ అనే రాక్షసిబల్లిని వేల బొమ్మలుగా గీశాడు. గెర్టీ ఊపిరి తీసినట్టు కనిపించాలి. అందుకని ఆయన గడియారం ముందు పెట్టుకుని, తానే ఊపిరి పీలుస్తూ వదులుతూ, ఎంతసేపు పడుతుందో లెక్కకట్టాడు. తరవాత కొరడా పట్టుకుని రంగస్థలం మీద తెర పక్కన నిలబడి, గెర్టీకి ఆజ్ఞలు ఇచ్చేవాడు. అది సర్కసు ఏనుగులాగా కాలెత్తేది, తిడితే ఏడ్చేది!

డిస్నీ స్టూడియోలో బొమ్మలు గీసేవాళ్ళ బల్లల మీద అద్దాలు ఉండేవి. పొద్దస్తమానం అద్దంలోకి చూసి మూతి వంకర్లు తిప్పటం వాళ్ళ ఉద్యోగం. “స్నో వైట్” తీసేటప్పుడు ఎవరు మంచి హాస్యం కనిపెట్టి చెబితే వాళ్ళకు 5 డాలర్లు ఇచ్చేవారు. డోనాల్డ్ డక్ గొంతు క్లారెన్స్ నాష్ అనే ఆయనది. ఆయన మొదట ఒక పాల కంపెనీ తరఫున చిన్న గుర్రాలబండి తోలుతూ, మేకపిల్లలాగా అరిచి పిల్లలను నవ్వించేవాడు. ఆ మేకపిల్ల గొంతే 1934లో బాతు గొంతయింది. సుమారు 50 ఏళ్ళు ఆయన ఆ గొంతుతోనే బతికాడు.

చూసేవాళ్ళలోనూ ఇలాంటివాళ్ళు ఉన్నారు. “చూసిందే ఎన్నిసార్లు చూస్తావురా?” అని కోప్పడే తలిదండ్రులు ఈ మాట వినాలి. జపానులో తెజుకా ఒసాము అనే బొమ్మల కథకుడు “బాంబి” అనే జింకపిల్ల సినిమాను 80 సార్లకు పైగా చూశానని చెప్పుకున్నాడు. 1963లో ఆయనే “ఆస్ట్రో బాయ్” అనే మరపిల్లవాడి కథను టీ.వీ.కి ఎక్కించాడు. అయితే 80 సార్లూ కళ్ళప్పగించి ఊరికే చూశాడని అనుకోకండి. ఎలా గీశారా అని చూశాడు.

బొమ్మ పిచ్చికి మనం జపాను దాకా పోనక్కరలేదు. పెనుగొండనుంచి దక్షిణంగా, పాలకొల్లు దాటి వెళితే నరసాపురం. 1933లో అక్కడ సత్తిరాజు లక్ష్మీనారాయణ అనే పిల్లవాడు పుట్టాడు. బాపు అంటే మీ ఇంట్లో అందరికీ తెలుస్తుంది. 1945లో రేడియో అన్నయ్య, అక్కయ్యలు “బాల” పత్రిక పెట్టినప్పుడు బాపు బొమ్మలూ, ఆయన స్నేహితుడు ముళ్ళపూడి వెంకటరమణ రాతలూ పిల్లల చేతి పనిగానే అందులో అచ్చయినాయి. తరవాత రమణ రాసిన బుడుగుకు బాపు ఒక రూపం ఇచ్చాడు. బుడుగు బొమ్మలో గీతలు లెక్కపెట్టి చూడండి, చాలా తక్కువ. అయినా వాడు కాగితం మీదనుంచి దూకి పారిపోతాడేమో అనిపిస్తుంది. బాపు సినిమాలు తీసేటప్పుడు కూడా ఏ దృశ్యం ఎలా ఉండాలో ముందుగానే బొమ్మలు గీసుకునేవాడు. అంటే కెమేరా తిరగకముందే ఆ సినిమా కాగితం మీద తయారై ఉండేదన్నమాట. ఆయన 2014లో కన్నుమూశాడు.

ఇక తోలుబొమ్మలవాళ్ళ సంగతి. గోదావరి దాటి కాకినాడ వైపు వెళితే మాధవపట్నంలో ఆ కళ వంశపారంపర్యంగా వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. రాయలసీమలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఇలాంటిదే. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. కాని రాత్రంతా ఆట చూసే ఊళ్ళు ఇప్పుడు అరుదు. అందుకని నిమ్మలకుంటలో అదే తోలు మీద అవే రంగులతో, విద్యుద్దీపాలకు కప్పే తొడుగులు చేసి అమ్ముతున్నారు. చాలా అందంగా ఉంటాయి. అయితే వాటిమీది హనుమంతుడు కదలడు. కదపటం తెలిసిన చేతులు ఉండగానే పిల్లలకు ఆ ఆట చూపించాలని నా కోరిక. బడి వార్షికోత్సవానికి సినిమా పాటలకు బదులు ఒక్కసారి తోలుబొమ్మలాట పెట్టిస్తే ఎంతో ఖర్చు కాదు. మేష్టర్లను మీరే అడగండి.

ఈలోగా మీరు చేయదగిన పని ఒకటున్నది. పాత నోటుపుస్తకంలో 24 కాగితాలు తీసుకోండి. ప్రతి కాగితం కింది మూల ఒక బంతి గీయండి. మొదట పైన, తరవాత కాగితం కాగితానికీ కొంచెం కిందికి, నేలను తాకాక మళ్ళీ పైకి. బొటనవేలితో కాగితాలు గబగబా వదిలితే బంతి ఎగురుతుంది. కాని అది రాతిగుండులాగా కనిపిస్తుంది. అప్పుడు నేలను తాకిన కాగితంలో బంతిని గారెలాగా అణగ్గొట్టి గీయండి. దానికి ముందు కాగితంలో నిలువుగా, వంకాయలాగా సాగదీయండి. ఇప్పుడు వదిలి చూడండి.

లెక్కల నోటుపుస్తకం మాత్రం ముట్టుకోకండి.